జవహర్‌నగర్ దాకా ఎలా వచ్చాం: హైదరాబాద్ చెత్త వెనుక నూరేళ్ల కథ

2025 ఫిబ్రవరిలో సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల మండలంలో జనం రోడ్డెక్కారు. ప్యారానగర్ దగ్గర జీహెచ్‌ఎంసీ డంపింగ్ యార్డు వస్తోందని తెలిసి నల్లవల్లి, ప్యారానగర్ ఊళ్ల రైతులు, ఆడవాళ్లు దీక్షలకు కూర్చున్నారు, విషయం హైకోర్టు దాకా పోయింది. అది డంపింగ్ యార్డు కాదు, చెత్తను శాస్త్రీయంగా శుద్ధి చేసే ప్లాంటు అని అధికారులు చెప్పారు. ఏళ్లుగా హైదరాబాద్ చెత్తను మోస్తున్న శివారు ఊరు జవహర్‌నగర్ ఏమైందో చూసిన వాళ్లు ఆ మాటను ఎలా నమ్ముతారు? చాలామంది దీన్ని నగరానికీ పల్లెకీ మధ్య తగాదాగా చూశారు. నిజానికి దీని వేర్లు చాలా లోతున ఉన్నాయి. ఈ నగరం తన చెత్త గురించి పెద్ద నిర్ణయం తీసుకున్న ప్రతిసారీ అడిగిన ప్రశ్న ఒక్కటే: ఎక్కడ పడేద్దాం? ఆ నిర్ణయాలు జరిగినప్పుడు ఎవరి మాట అడగాలో వాళ్లు గదిలో లేరు. ఇది ఆవేశంతో అంటున్న మాట కాదు, తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా కనిపించేదే.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1908లో మూసీ వరద, 1911లో ప్లేగు. ఈ రెండు దెబ్బలతో నిజాం సర్కారు 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. ఇరుకు బస్తీలు, మురుగు, గాలి ఆడని ఇళ్లు, వీటి మీద ఒక నగరంగా ఆలోచించడం మొదలైంది అప్పుడే. మన నగరాల్లో పారిశుధ్యం గుర్తొచ్చేది జబ్బు వచ్చాకే అన్న అలవాటు కూడా ఇంచుమించు అప్పటిదే. తర్వాత చాలా దశాబ్దాలపాటు విధానం అంటూ పెద్దగా ఏమీ లేదు. కామాటీలు ఊడ్చేవాళ్లు, బండ్లు ఎత్తేవి, ఊరి అంచున ఏ గుంత ఉంటే దాంట్లో పోసేవాళ్లు. చెత్తలో ఎక్కువ భాగం బూడిద, ఆకులు, కూరగాయల తుక్కు కాబట్టి కొన్నాళ్లకు అది మట్టిలో కలిసిపోయేది. ప్లాస్టిక్ వచ్చాక ఆ లెక్క తప్పింది. ఊరు కూడా పెరిగింది, నిన్నటి ఊరి అంచు ఇవాళ కాలనీ అయింది. వనస్థలిపురం పక్కన ఆటోనగర్ డంపు అలా ఇళ్ల మధ్యకు వచ్చిపడిందే. అది హరిణ వనస్థలి పార్కుకు ఆనుకుని ఉంటుంది, చెత్త పోయడం ఆపాక కూడా ఆ గుట్ట అక్కడే ఉండిపోయింది.

దేశం మొత్తాన్ని కుదిపింది మాత్రం సూరత్. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు అనగానే లక్షల మంది ఊరు ఖాళీ చేసి పారిపోయారు, విదేశాలు విమానాలు ఆపేశాయి. మరుసటి ఏడాది మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు అధికారులను ఏసీ గదుల్లోంచి వీధుల్లోకి దించి, సూరత్‌ను దేశంలోని శుభ్రమైన నగరాల్లో ఒకటిగా నిలబెట్టారు. ఆ కాలంలోనే బెంగళూరుకు చెందిన అల్మిత్రా పటేల్ అనే ఇంజనీరు తమ ఊరి బయట పోస్తున్న చెత్తను చూసి ఊరుకోలేక, 1996లో సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. ఇవాళ మన మున్సిపాలిటీలు మాట్లాడే తడి చెత్త, పొడి చెత్త, ఇంటింటి సేకరణ అన్న మాటలకు చట్టబలం వచ్చింది ఆ కేసు వల్లే. కోర్టు అసీం బర్మన్ అధ్యక్షతన కమిటీ వేసింది, 1999లో నివేదిక వచ్చింది, 2000 సెప్టెంబరులో కేంద్రం మున్సిపల్ ఘన వ్యర్థాల నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం ఇంటింటికీ వెళ్లి చెత్త సేకరించాలి, వేరు చేయాలి, కుళ్లేదాన్ని ఎరువు చేయాలి, ఇక దేనికీ పనికిరానిది మాత్రమే భూమిలో పూడ్చాలి. ప్లాంట్లు పెట్టడానికి గడువు 2003 డిసెంబరు 31.

ఆ గడువు దేశంలో దాదాపు ఏ పెద్ద నగరమూ అందుకోలేదు.

కానీ మన సూర్యాపేట ఆ పని చేసి చూపించింది, దీన్ని మనవాళ్లు ఎందుకో అంతగా చెప్పుకోరు. 2003 ప్రాంతంలో కమిషనర్‌గా ఉన్న ఎస్.ఎ.ఖాదర్ సుమారు లక్ష జనాభా ఉన్న ఆ పట్టణంలో ఇంటింటికీ రెండు డబ్బాలు అలవాటు చేశారు, వీధి కుండీలు తీయించారు, తడి చెత్తతో వర్మీ కంపోస్టు చేయించి అమ్మించారు, పొడి చెత్తను పాత సామాన్ల వ్యాపారులకు అమ్మించారు. పెద్ద నిధులు లేవు, విదేశీ యంత్రాలు లేవు. అధికారి పొద్దున్నే వీధిలో ఉండేవాడు, షాపులవాళ్లతో, మహిళా సంఘాలతో, చెత్త తీసే కార్మికులతో కూర్చుని మాట్లాడేవాడు, అంతే తేడా. సూర్యాపేటను చూడటానికి బయటి రాష్ట్రాల నుంచి కూడా బృందాలు వచ్చాయి.

అదే సమయంలో హైదరాబాద్ ఏం చేస్తోంది? చెత్తను తగలబెట్టి కరెంటు తీసే దారి పట్టింది. గంధంగూడలో చెత్తను ఎండబెట్టి ఇంధనంగా మార్చే ప్లాంటు, ఆ ఇంధనంతో నడిచేలా షాద్‌నగర్ దగ్గర ఎలికట్టలో 6.6 మెగావాట్ల విద్యుత్ కేంద్రం. విజయవాడలోనూ ఇంచుమించు అలాంటిదే, 6 మెగావాట్లది, 2003లో వచ్చింది. రెండూ కొన్నేళ్లకే మూతపడ్డాయి. కారణం అర్థం చేసుకోవడం కష్టమేం కాదు. మన ఇంటి చెత్తలో సగం పైగా తడిదే, అన్నం మెతుకులు, కూరగాయల తొక్కలు, టీ పిప్పి. దాన్ని కలిపేసి తెస్తే మండదు, మండించాలంటే ఊకో పుల్లో కలపాలి, అలా కలిపితే అది చెత్త కరెంటు కాదు. 2005లో సుప్రీంకోర్టు అల్మిత్రా పటేల్ కేసులోనే ఇలాంటి ప్లాంట్లకు రాయితీలు ఆపమంది. అంటే ఇంట్లో వేరు చేయకుండా చివర్లో యంత్రం పెట్టి గట్టెక్కుదామన్న ఆలోచన మనకు కొత్త కాదు, 20 ఏళ్ల కిందటే ఒకసారి చేతులు కాల్చుకున్నాం.

ఇక జవహర్‌నగర్. 2000ల మొదట్లో నగరానికి ఈశాన్యాన సుమారు 340 ఎకరాల్లో చెత్త పోయడం మొదలైంది. మిగతా డంపులు ఒక్కొక్కటే మూతపడుతుంటే భారమంతా దీని మీద పడింది. అప్పటికి అదొక గ్రామ పంచాయతీ. హైదరాబాద్‌కు మేయరైనా, కార్పొరేటరైనా ఆ ఊరి ఓటుతో పనిలేదు. అసలు హైదరాబాద్‌లో ఓటున్న వాళ్లను మాత్రం ఎవరు అడిగారు? నగరానికి 1986లో జరిగిన ఎన్నికల తర్వాత మళ్లీ 2002లోనే జరిగాయి. మధ్యలో పదేళ్లకు పైగా పాలకమండలి లేదు, అంతా ప్రత్యేకాధికారుల పాలన. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి, పారిశుధ్యం, ఘన వ్యర్థాల నిర్వహణను 12వ షెడ్యూల్‌లో పెట్టి ఇది నగరపాలికల పని అని తేల్చి చెప్పాక కూడా మన దగ్గర చాలాకాలం నగరపాలికే లేదు.

2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలను, 8 పంచాయతీలను కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. చెత్త ఒక్కసారిగా పెరిగింది. 2009 ఫిబ్రవరిలో రాంకీ గ్రూపుతో 25 ఏళ్ల ఒప్పందం కుదిరింది. జీహెచ్‌ఎంసీకి మొదటి ఎన్నికలు జరిగింది అదే ఏడాది నవంబరులో. అంత పెద్ద ఊరు పావు శతాబ్దం పాటు తన చెత్తను ఏం చేయాలో నిర్ణయమైపోయిన తొమ్మిది నెలలకు, ఆ ఊరి మొదటి కార్పొరేటర్లు ఎన్నికయ్యారు! కంపెనీ మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. ఇలాంటి ఒప్పందాల్లో డబ్బు చెల్లించేది టన్నుల లెక్కన. ఎంత చెత్త గేటు దాటితే అంత బిల్లు. అలాంటప్పుడు చెత్త తగ్గించడం, కాలనీలోనే ఎరువు చేయడం, పాత సామాన్లవాళ్లకు పొడి చెత్త చేరేలా చూడటం, వీటిలో ఏ ఒక్కదానికైనా ఆ లెక్కలో చోటెక్కడ? ఒప్పందం ఒకసారి కుదిరాక ఇక అదే విధానం. కౌన్సిల్‌లో ఎన్ని తీర్మానాలు చేసినా దాని చుట్టూ తిరగాల్సిందే.

జవహర్‌నగర్ వాళ్లు ఏం అనుభవించారో వేరే చెప్పాలా? వర్షం పడితే గుట్ట కింది నుంచి నల్లటి నీళ్లు కారి మల్కారం చెరువును పాడు చేశాయి, బోరు నీళ్లు రంగు మారాయి, సాయంత్రం గాలి తిరిగితే దమ్మాయిగూడ, నాగారం దాటి వాసన కొడుతుంది, కిటికీలు తెరవలేరు. కేసులు నడిచాయి, ధర్నాలు నడిచాయి. చివరకు 2020 నాటికి సుమారు కోటీ 20 లక్షల టన్నుల పాత చెత్త గుట్టను మట్టి, ప్లాస్టిక్ పొరలతో కప్పేసి పైన గడ్డి వేశారు. ఆ ఏడాదే 19.8 మెగావాట్ల విద్యుత్ ప్లాంటు మొదలైంది, తర్వాత 24కు పెంచారు. కప్పడం వల్ల మేలు జరగలేదని అనను, మంటలూ పొగా తగ్గాయి. కానీ కప్పినంత మాత్రాన లోపలి ఊట ఆగదు, పైగా రోజూ కొత్తది వస్తూనే ఉంది. ఇప్పుడు నగరంలో రోజుకు 7 వేల టన్నులకు పైగానే చెత్త వస్తోంది.

మధ్యలో ఒక మంచి అవకాశం వచ్చింది. 2015లో స్వచ్ఛ హైదరాబాద్ పేరుతో ఇంటికి రెండేసి చొప్పున 22 లక్షల ఇళ్లకు 44 లక్షల డబ్బాలు పంచారు, ఆకుపచ్చది తడికి, నీలంది పొడికి. నవంబరు నుంచి స్వచ్ఛ ఆటోలు దిగాయి. బ్యాంకు లోను మీద ఆటో డ్రైవర్ పేరనే ఇచ్చారు, ఇంటికి నెలకు 50 రూపాయలు, పొడి చెత్త అమ్ముకుంటే వచ్చేది అతనికే. (ఈ నిర్ణయమూ పాలకమండలి లేనప్పటిదే. మొదటి కౌన్సిల్ గడువు 2014 చివర్లో అయిపోయింది, రెండోది 2016 ఫిబ్రవరిలో వచ్చింది.)

ఆ ఆటో వెనకవైపు ఒకసారి నిలబడి చూడండి. ముందు భర్త బండి నడుపుతుంటాడు, వెనక భార్య చెత్తలో నిలబడి, చాలాసార్లు గ్లౌజులు కూడా లేకుండా, మనం కట్టిచ్చిన నల్ల కవర్లు విప్పుతుంటుంది. డైపర్ పక్కకు, పాల కవర్లు ఒక సంచిలో, నీళ్ల సీసాలు ఇంకో సంచిలో, అట్టపెట్టెలు టాపు మీద. బండికి రెండు వైపులా వేలాడే ఆ గోనె సంచులే ఈ నగరపు అసలైన రీసైక్లింగ్ వ్యవస్థ. మనం రెండు డబ్బాల్లో వేసి ఇస్తే ఆమె చేతులు ఆ కంపులో పెట్టక్కర్లేదు. మరి మన డబ్బాలు ఏమయ్యాయి? చాలా ఇళ్లలో బియ్యం పోసుకోవడానికీ నీళ్లు పట్టుకోవడానికీ పనికొచ్చాయి. జనం మీద నేరం మోపడం తేలికే. కానీ పొద్దున వేరు చేసి ఇచ్చిన చెత్తను ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లో, అంటే ఆటోల చెత్తను పెద్ద బండ్లకు ఎక్కించే చోట, ఒకే కంటైనర్‌లో కలిపి నొక్కేస్తుంటే రేపు ఎవరు వేరు చేస్తారు? పైనుంచి కిందికి డబ్బాలు వచ్చాయి గానీ, కింది నుంచి పైదాకా ఆ రెండు దారులు విడిగా సాగే ఏర్పాటు రాలేదు.

2016 ఏప్రిల్‌లో కేంద్రం నియమాలను మార్చి రాసింది. రోజుకు 100 కిలోలకు మించి చెత్త వచ్చే హోటళ్లు, హాస్టళ్లు, పెద్ద అపార్ట్‌మెంట్లు తమ తడి చెత్త సంగతి వీలైనంతవరకు తమ ఆవరణలోనే చూసుకోవాలన్నారు, చెత్త ఏరుకునే వాళ్లను వ్యవస్థలో కలుపుకోమన్నారు, ప్రతి నగరం ఏడాదిలోగా సొంత బైలాలు రాసుకోవాలని, చెత్త సేకరణకు ఇళ్ల నుంచి రుసుము వసూలు చేయాలని చెప్పారు. 2022 అక్టోబరులో జాతీయ హరిత ట్రైబ్యునల్ (ఎన్జీటీ) ఘన, ద్రవ వ్యర్థాల నిర్వహణలో లోపాలకు తెలంగాణపై దాదాపు 3,800 కోట్ల పరిహారం వేసింది.

ఇళ్ల నుంచి వసూలు చేయమన్న రుసుము సంగతి ఎంత చిక్కో తెలియాలంటే ఆంధ్రప్రదేశ్‌ను చూడాలి. 2021 అక్టోబరు 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పథకం మొదలుపెట్టి, ఇంటికి నెలకు 30 నుంచి 120 రూపాయల దాకా వసూలు మొదలుపెట్టారు. వార్డు సచివాలయం నుంచి వచ్చి అడుగుతుంటే జనానికి ఒళ్లు మండింది, దానికి చెత్త పన్ను అన్న పేరు పడింది, ఎన్నికల్లో అదొక అంశమైంది, కొత్త ప్రభుత్వం 2024 చివర్లో రద్దు చేసింది. ఒకరు పెట్టారు, ఒకరు తీశారు. అసలు ఏ ఊళ్లో టన్ను చెత్తకు ఎంత ఖర్చవుతోంది, వేరు చేసి ఇచ్చిన ఇంటికి తగ్గించొచ్చా, పెద్ద హోటల్‌కూ గుడిసెకూ తేడా ఎంత ఉండాలి, ఈ మాటలు ఏ కౌన్సిల్‌లోనూ జనం ముందు పెట్టి మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే అది పన్నులా కనిపించేది కాదేమో.

మళ్లీ హైదరాబాద్‌కు వస్తే, జవహర్‌నగర్ 2019లో సొంతంగా కార్పొరేషన్ అయింది. అప్పుడు కూడా జీహెచ్‌ఎంసీ చెత్త మీద దానికి మాట లేదు. 2025 డిసెంబరులో శివార్లలోని 27 మున్సిపాలిటీలను, కార్పొరేషన్లను జీహెచ్‌ఎంసీలో కలిపినప్పుడు జవహర్‌నగర్ కూడా కలిసింది. చెత్త పోయడం మొదలైన 20 ఏళ్ల తర్వాత గానీ ఆ ఊరు ఈ నగరంలో భాగం కాలేదు. రెండు నెలలు తిరిగేసరికి, 2026 ఫిబ్రవరిలో, ఉన్న పాలకమండలి గడువు కూడా తీరిపోయింది.

2009 ఒప్పందం 2034 దాకా ఉంటుంది. దాని తర్వాత ఏమిటన్నది ఆఖరి ఏడాదిలో తేల్చే పని కాదు. స్థలాలు, టెండర్లు, టన్ను లెక్కన చెల్లించాలా, వేరు చేసిన లెక్కన చెల్లించాలా, ఇవన్నీ నాలుగైదేళ్ల ముందే కాగితం మీదకు వస్తాయి. ఆ కాగితం సంతకానికి వెళ్లకముందే వార్డు కమిటీల్లో చదివి వినిపించమని, దమ్మాయిగూడ, జవహర్‌నగర్, గుమ్మడిదల వాళ్లను పిలిచి కూర్చోబెట్టమని ఇప్పటి నుంచే అడగాలి.