ఎంసీబీ పడలేదంటే సాకెట్ బాగున్నట్టేనా? ఇంటి కరెంటు మీద అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో ఇళ్ల వైరింగ్ పని చేస్తాను, చుట్టాలు పిలిస్తే నరసన్నపేట, టెక్కలి దాకా కూడా వెళ్తుంటాను. సాకెట్ పాడైన ఏ ఇంటికి వెళ్లినా నాకంటే ముందే అక్కడ ఒక ఎలక్ట్రీషియన్ తయారై ఉంటాడు. ఇంటాయన బావమరిదో, ఇంటర్ చదివే కుర్రాడో, చేతిలో టెస్టర్, బోర్డు ప్లేటు సగం ఊడదీసి కింద పెట్టి ఉంటుంది. వాళ్లని ఏమీ అనను, నేనూ అలాగే మొదలుపెట్టాను కాబట్టి. కాకపోతే వాళ్లు చెప్పే మాటలు కొన్ని విని విని, ఇక రాసేద్దామనిపించింది.

అన్నిటికంటే ఎక్కువగా వినేది "ఎంసీబీ పడలేదు కదా, ఏమీ ఉండదులే" అన్నది. ఎంసీబీ అంటే బోర్డులో ఉండే, కరెంటు మరీ ఎక్కువైతే తనంతట తానే పడిపోయి సప్లై ఆపేసే స్విచ్.

పోయిన సంక్రాంతి ముందు కంటోన్మెంట్ వైపు ఒక ఇంటికి పిలిచారు. ఆ పిన్నిగారు ఫ్రిజ్ వెనక, సింకు కింద అంతా వెతికేశారట. "వారం రోజుల్నుంచి చేపలు మాడిన వాసనొస్తంది బాబూ, మేమేమో చేపలే తినం" అన్నారు. వెతకాల్సింది బాత్రూమ్ బయట ఉన్న గీజర్ సాకెట్లో. సాకెట్లలో వాడే ప్లాస్టిక్ మాడితే చాలాసార్లు అచ్చం అలాంటి నీచు వాసనే వస్తుంది. మెయిన్ ఆపి ప్లేటు తీస్తే ఫేజ్ వైపు, అంటే కరెంటు వచ్చే వైపు, ఎర్ర వైరు రెండంగుళాల మేర నల్లగా మాడి ఉంది, గోరు తగిలితే తొడుగు పొడి పొడిగా రాలిపోతోంది. ఇంతకీ తప్పు ఎక్కడంటే టెర్మినల్ స్క్రూ అర చుట్టు లూజు. అంతే. పిన్నిగారు మాత్రం "ఎంసీబీ పడనేదు కదేటి బాబూ" అని నన్నే అడుగుతున్నారు.

పడదు, ఎందుకో లెక్క చూడండి. 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. లూజుగా ఉన్న ఆ స్క్రూ దగ్గర అర ఓం అడ్డంకి ఏర్పడిందనుకుందాం, అప్పుడు మిరియం గింజంత చోట 35 వాట్లకు పైగా వేడి పుడుతుంది. రేడియో రిపేరు షాపులో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ చాలావరకు 25 వాట్లే. అంటే గీజర్ వేసిన ప్రతిసారీ గోడలో ఒక సోల్డరింగ్ ఐరన్ పెట్టి మూసేసినట్టు. మరి ఎంసీబీకి కనిపించేది ఏమిటి? వైరులో ఎన్ని ఆంపియర్లు పోతున్నాయన్నదే. అడ్డంకి వచ్చాక కరెంటు ఇంకో పిసరు తగ్గుతుందే గానీ పెరగదు. 16 ఆంపియర్ల ఎంసీబీకి 9 ఆంపియర్లు పోతుంటే దాని లెక్కలో అంతా సవ్యంగా ఉన్నట్టే. అది ఓవర్‌లోడుకీ షార్ట్ సర్క్యూట్‌కీ పెట్టింది, లూజు కాంటాక్టు సంగతి దానికి తెలియదు. ఆ పని మీ ముక్కు చెయ్యాలి, చెయ్యి చెయ్యాలి.

చెయ్యి అంటే బోర్డులో వేలు పెట్టమని కాదు. ఇస్త్రీ పెట్టో ఇండక్షన్ స్టవ్వో పది నిమిషాలు వాడాక స్విచ్ ఆపి, ప్లగ్ బయటికి లాగి, దాని ప్లాస్టిక్ ఒళ్లు ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి ఆనించలేకపోతే ఇక ఆ సాకెట్ వాడొద్దు. ప్లగ్ పెట్టినప్పుడు చిటపటమన్నా, చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగినా అదే మాట. మాడిన సాకెట్‌ని స్క్రూ బిగించి మళ్లీ వాడేద్దాం అంటారు చాలామంది, నేను ఒప్పుకోను. లోపలి ఇత్తడి రేకు వేడికి పట్టు వదిలేస్తుంది, ఎంత బిగించినా నెల తిరక్కుండా మళ్లీ అదే కథ. వైరుని మెరిసే రాగి కనబడేదాకా వెనక్కి కత్తిరించి కొత్త సాకెట్ పెట్టాలి.

తర్వాతది టెస్టర్. "రెండు కన్నాల్లోనూ లైటు వెలుగుతోందన్నా, రెండు ఫేజులొచ్చేశాయి" అని ఫోన్ చేస్తారు. చాలాసార్లు రెండు ఫేజులు కాదు, న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, ఎక్కడో తెగింది. ఆ లైనులో బల్బో ఫ్యానో ఆన్‌లో ఉంటే, ఫేజ్ దాని లోపలి నుంచే నడిచి న్యూట్రల్ కన్నం దాకా వచ్చేస్తుంది. అందుకే వస్తువు పనిచేయదు, టెస్టర్ మాత్రం రెండు చోట్లా వెలుగుతుంది, ముట్టుకుంటే షాక్ కూడా కొడుతుంది. లోడులన్నీ ఆపేస్తే ఎడమ కన్నంలో వెలుగు పోతుంది. ఎదురుగా నిలబడి చూస్తే మన సాకెట్లో కుడి పక్క ఫేజ్, ఎడమ పక్క న్యూట్రల్, పైన పెద్ద కన్నం ఎర్త్.

ఇందులోనే ఒక సంగతి వేరుగా గుర్తుపెట్టుకోండి. ఇంట్లో కొన్ని లైట్లు ఉన్నట్టుండి ధగధగా వెలిగి, కొన్ని మందగిస్తే న్యూట్రల్ మీ బోర్డులో కాదు, బయట లైనులోనో సర్వీస్ వైరులోనో పోయి ఉండొచ్చు. త్రీఫేజ్ లైన్లో న్యూట్రల్ పోతే 230 రావాల్సిన చోట 400 దాకా కూడా రావచ్చు, టీవీలు, ఫ్రిజ్‌లు పోయేది ఇలాంటప్పుడే. వెంటనే మెయిన్ ఆపేసి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చెయ్యండి, సాకెట్లు విప్పుతూ కూర్చోకండి.

టెస్టర్ వెలగలేదు కాబట్టి కరెంటు లేదు అనుకోవడం మరీ ప్రమాదం. లోపలి నియాన్ పోయి ఉండొచ్చు, పట్టపగటి వెలుతురులో కనబడకపోవచ్చు, మీరు ప్లాస్టిక్ స్టూలు మీద నిలబడితే సరిగ్గా వెలగకపోవచ్చు. ముందు కరెంటు ఉందని తెలిసిన సాకెట్లో పెట్టి చూసి, తర్వాత పాడైనదాంట్లో చూసి, మళ్లీ మంచిదాంట్లో ఇంకోసారి చూడాలి. చాదస్తం అనుకున్నా సరే.

"స్విచ్ ఆపేశాను కదా" అంటారు. వైరింగ్ చేసినవాడు స్విచ్‌ని ఫేజ్‌కి బదులు న్యూట్రల్ మీద పెట్టేసిన ఇళ్లు నేను చాలా చూశాను, అలాంటి చోట స్విచ్ ఆపినా సాకెట్లో ఫేజ్ అలాగే కూర్చుని ఉంటుంది. మెయిన్ ఆపాలి. ఇన్వర్టర్ ఉంటే దాన్ని కూడా దాని స్విచ్ దగ్గరే ఆపాలి, ఊరికే గోడలోంచి ప్లగ్ లాగేస్తే కరెంటు పోయిందనుకుని అది బ్యాటరీతో ఇంటికి ఇంకా సప్లై ఇస్తూనే ఉంటుంది. ఇక మెయిన్ ఆపినా మీటరు నుంచి మెయిన్ దాకా వచ్చే వైర్లలో కరెంటు ఉంటుంది, అటువైపు చెయ్యి పెట్టొద్దు. రబ్బరు చెప్పులు వేసుకున్నానంటారు, ఒక చెయ్యి ఫేజ్‌కీ రెండో చెయ్యి తడిగోడకో న్యూట్రల్‌కో తగిలితే చెప్పులు ఏం చేస్తాయి?

మూడో పిన్ను సంగతి. అది మిగతా రెండింటికంటే పొడుగు, లావు. పొడుగు ఎందుకంటే ప్లగ్ లోపలికి వెళ్లేటప్పుడు ఎర్త్ ముందు కలవాలి, బయటికొచ్చేటప్పుడు ఆఖరున విడవాలి. దాన్ని కోసేసి వాడే ఇళ్లున్నాయి, ఎర్త్ కన్నంలో అగ్గిపుల్ల దూర్చి షట్టర్ తెరిచి రెండు పిన్నుల ప్లగ్ పెట్టే ఇళ్లు అంతకంటే ఎక్కువ. ఇంకో ఘనకార్యం ఏమిటంటే ఎర్త్ లేదని సాకెట్లో ఎర్త్ స్క్రూని న్యూట్రల్‌కి కలిపెయ్యడం. దీన్ని చూస్తే మాత్రం నాకు నిజంగా కోపం వస్తుంది. వెనక న్యూట్రల్ ఒక్కసారి ఊడిందంటే ఫ్రిజ్ తలుపు మొత్తం ఫేజ్ అయిపోతుంది, ఫ్రిజ్‌లో ఏ లోపమూ లేకుండానే.

ఎంసీబీ ఊరికే పడిపోతోందని 16 తీసి 32 పెట్టించుకున్నవాళ్లకి ఒకటే మాట: ఎంసీబీ కాపాడేది గోడలోని వైరుని. వైరు మార్చకుండా ఎంసీబీ పెంచితే ముందు కాలేది వైరే. పాత ఫ్యూజులో రెండు పేటల రాగి తీగ చుట్టినా అంతే.

సిరిమాను పండక్కి చుట్టాలొచ్చారని ఒక్క 6 ఆంపియర్ల సాకెట్‌కి ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి, దాని మీద ఇండక్షన్ స్టవ్వు, కెటిల్ పెట్టేస్తారు. కన్నాలు నాలుగున్నా దారి ఒకటే, ఆ సాకెట్ మోసేది మొత్తం కలిపి 1380 వాట్లు. సెల్ ఛార్జర్లు పది పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు.

తీరం వైపు ఇళ్లలో ఇంకో సమస్య. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక వజ్రపుకొత్తూరు వైపు కొన్నాళ్లు పనిచేశాను. తడిసిన బోర్డుల్ని రెండు రోజులు ఎండబెట్టి ఆన్ చేసేశారు. నీళ్లు ఆరతాయి, ఉప్పు ఆరదు కదా. కొన్నాళ్లకి టెర్మినళ్ల మీద ఆకుపచ్చ చిలుము పట్టి, వానాకాలం రాగానే మళ్లీ చిటపటలు. తడిసిన సాకెట్లు, స్విచ్‌లు మార్చెయ్యడమే మంచిది. సముద్రం పక్క కాకపోయినా వాడని సాకెట్లలో కుమ్మరి పురుగు మట్టిగూడు కడుతుంది, దాన్ని పిన్నీసుతో పొడిచి తియ్యబోయి షాక్ తిన్న మాస్టారు ఒకాయన నాకు తెలుసు.

చివరగా "ఆర్‌సీసీబీ పెట్టించాం, ఇక షాకే కొట్టదు" అనేవాళ్లు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పకుండా పెట్టించండి, కరెంటు మన ఒంట్లోంచి భూమిలోకి పోతుంటే రెప్పపాటులో ఆపేస్తుంది. కానీ ఒక చెయ్యి ఫేజ్ మీద, ఇంకో చెయ్యి న్యూట్రల్ మీద పడితే దానికి మీరూ ఒక బల్బూ ఒకటే. దాని మీద టెస్ట్ బటన్ ఒకటుంటుంది, కరెంటు ఉండగా నెలకోసారి నొక్కితే టక్కున పడాలి, పడకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. నొక్కే ముందు మాత్రం ఇంట్లో ఎవరైనా కంప్యూటర్ మీద పని చేసుకుంటున్నారేమో ఒక మాట అడగండి. అడక్కుండా నొక్కి మా అమ్మాయి చేత తిట్లు తిన్నాను.