ల్యాప్‌టాప్‌కి పెట్టిన ఫోన్‌కి ఛార్జింగ్ ఎందుకంత మెల్లగా ఎక్కుతుంది?

గోడ ఛార్జర్‌తో గంటా గంటన్నరలో నిండే ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి పెడితే పూటంతా పడుతుంది. ఎందుకో తెలియాలంటే 1996కి వెళ్లాలి. ఆ ఏడాది వచ్చిన యూఎస్‌బీ కీబోర్డు, మౌస్, ప్రింటర్ లాంటివాటిని కంప్యూటర్‌కి తగిలించడానికి పుట్టింది. బ్యాటరీలు నింపడం దాని పని కాదు. మౌస్‌కి వేరే అడాప్టర్ అక్కర్లేకుండా 5 వోల్టుల తీగ ఒకటి కలిపారు, అంతే.

ఆ కరెంటు కూడా అడిగి తీసుకోవాల్సిందే. తగిలించగానే వాడుకోదగ్గది 100 మిల్లీఆంపియర్లు. తానెవరో కంప్యూటర్‌కి చెప్పుకుని, అది సరేనన్నాకే 500. 2008 నాటి యూఎస్‌బీ 3.0 దాన్ని 900 చేసింది. 500తో లెక్క వేస్తే రెండున్నర వాట్లు. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో పట్టేది దాదాపు 19 వాట్-అవర్లు. వేడిగా పోయేది కూడా కలిపితే తొమ్మిది గంటల పని. మధ్యలో తెర వెలిగితే వచ్చిందాంట్లో చాలా భాగం అదే తినేస్తుంది.

2003 నాటి ఐపాడ్‌కైతే యూఎస్‌బీ మీద పాటలు ఎక్కేవి, ఛార్జింగ్ ఎక్కేది కాదు. దానికి ఫైర్‌వైర్ అనే మరో రకం కేబుల్ కావాల్సిందే.

బ్యాటరీ ఛార్జింగ్‌కంటూ వేరే నియమాలు 2007లో వచ్చాయి, 2010లో వాటిని సవరించారు. కిటుకు చిన్నదే: ఛార్జర్‌లో రెండు డేటా తీగల్ని ఒకదానికొకటి కలిపేస్తారు. ఫోన్ అది చూసి 'ఇది కంప్యూటర్ కాదు' అనుకుని 1.5 ఆంపియర్ల దాకా లాగుతుంది. కొన్ని ఛార్జింగ్-మాత్రమే కేబుళ్లలోనూ ఇలాగే కలిపి ఉంచుతారు. దాన్ని ల్యాప్‌టాప్‌కి పెడితే ఫోన్ మోసపోతుంది, పోర్టు మీద భారం పడుతుంది.

2014లో టైప్-సి వచ్చాక, ఎంత కరెంటు లాగొచ్చో ఫోన్‌కి చెప్పే పని రెసిస్టర్‌కి (కరెంటుకు అడ్డుపడే చిన్న భాగానికి) అప్పగించారు. పాత పోర్టు నుంచి టైప్-సికి వెళ్లే కేబుల్‌లో, సి కొన దగ్గర, 56 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. తొలినాళ్ల చౌక కేబుళ్లు చాలావాటిలో 10 కిలోఓమ్‌లు పెట్టారు. దానర్థం '3 ఆంపియర్లు తీసుకో' అని! అంత ఇవ్వలేని పోర్టు తనను తాను ఆపుకుంటుంది, రక్షణ లేనిదైతే మాడిపోవచ్చు. ఛార్జింగ్ గుర్తు వచ్చి పోతూ, కంప్యూటర్ మాటిమాటికీ 'టిడింగ్' అంటుంటే ముందు కేబుల్ మార్చి చూడండి.