ఉద్యోగంలో టెన్షన్, ఉద్యోగం మారడం: అపోహలు – వాస్తవాలు

విజయవాడ సూర్యారావుపేటలో కౌన్సెలింగ్ చేస్తుంటాను. బ్యాంకు టార్గెట్లతో సతమతమయ్యేవాళ్లు, కార్పొరేట్ కాలేజీ లెక్చరర్లు, ఇంట్లో కూర్చుని అమెరికా టైముకి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు ఎక్కువగా వస్తారు. ఎవరి బాధ వాళ్లదే గానీ, వాళ్లు నమ్మే అపోహలు మాత్రం ఇంచుమించు ఇవే.

అపోహ: టెన్షన్ పిరికివాళ్లకే వస్తుంది.

వాస్తవం: ఇలా అనుకోవడం వల్లే చాలామంది మా దగ్గరికి నేరుగా రారు. గ్యాస్ అని ఎండోస్కోపీ, గుండె పట్టేసిందని ఈసీజీ అయ్యాక, రిపోర్టులన్నీ నార్మల్ అన్నాక ఆ ఫైలు పట్టుకుని వస్తారు. ఆ పరీక్షలు దండగ అనను. థైరాయిడ్, బి12 లోపం, రక్తహీనత కూడా ఇలాంటి నీరసమే తెస్తాయి. కానీ ఆదివారం సాయంత్రం మొదలై సెలవు రోజున మాయమయ్యే కడుపునొప్పిని మాత్రం అనుమానించాలి. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నవుట్‌ను జబ్బుగా కాకుండా, పనిచేసే చోట తగ్గకుండా సాగే ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా గుర్తించింది. ఒంట్లో ఓపిక ఉండదు, పనంటే విరక్తి పుడుతుంది, చేతనైన పని కూడా సరిగ్గా సాగదు. బాగా కష్టపడేవాళ్లలోనే దీన్ని ఎక్కువగా చూస్తుంటాను.

అపోహ: రిజైన్ చేసేస్తే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: నన్ను ఎక్కువ భయపెట్టే మాట ఇదే. వారాల తరబడి సరిగ్గా నిద్రపోని మనిషి ఈ నిర్ణయం తీసుకోకూడదు. ముందు కొన్నాళ్లు సెలవు పెట్టి నిద్రపొమ్మంటాను. తర్వాత ఓ రెండు వారాలు రోజూ రాత్రి ఒక్క సంగతి రాయమంటాను: ఇవాళ ప్రాణం విసిగించిన గంట ఏది?

ఇంటర్ లెక్చరర్ ఒకాయన పాఠాలే మానేస్తానంటూ వచ్చారు. ఆయన రాసిన కాగితాల్లో క్లాసు ఒక్కసారీ లేదు. ఉన్నవన్నీ రాత్రి స్టడీ అవర్లు, ఎండల్లో అడ్మిషన్ల కోసం ఊళ్లమ్మట తిరగడం, తెచ్చిన సీట్ల లెక్క మీటింగులో అందరి ముందూ చదవడం. ఆయన వృత్తి మారలేదు, కాలేజీ మారారు. జీతం కొంత తగ్గినా రాత్రి భోజనం ఇంట్లోనే చేస్తున్నారు. అదే ఆ కాగితాల నిండా పాఠం చెప్పే గంటలే ఉంటే వేరే పని చూసుకోమనేదాన్ని.

అపోహ: నలభై దాటాక కొత్త పని ఎవరిస్తారు?

వాస్తవం: కష్టమే, కాదనను. కానీ మనకి వచ్చిన పనిని మనమే తక్కువ చేసి చెప్పుకుంటాం. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తా "లెక్కలు రాయడం తప్ప ఏం రాదండీ" అంటాడు. లాట్లు, కోల్డ్ స్టోరేజీ రసీదులు, జీఎస్టీ, రైతులకు చెల్లింపులు అన్నీ ఆయన చేతి మీదే జరుగుతుంటాయి. ఎగుమతిదారుడికి కావాల్సింది ఆ మనిషే.

మారేముందు ఇంట్లో చెప్పి, ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకోండి. ఈఎంఐలు, ఫీజులు, జీతం లేకుండా ఎన్ని నెలలు గడుస్తుంది. పీఎఫ్ డ్రా చేయకుండా కొత్త ఖాతాకి బదిలీ పెట్టండి. ఐదేళ్ల సర్వీసు నిండకముందే తీస్తే పన్ను పడొచ్చు. రెగ్యులర్ ఉద్యోగికి గ్రాట్యుటీకి కూడా సాధారణంగా ఐదేళ్లు నిండాలి, ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన ఇస్తారు. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా మామూలుగా ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి ఇంటిల్లిపాదికీ సొంత పాలసీ ముందే తీసుకోండి.

అపోహ: ఓ నిద్రమాత్రో, రెండు పెగ్గులో పడితే చాలు.

వాస్తవం: పెగ్గు వేస్తే నిద్ర త్వరగా పడుతుంది గానీ తెల్లవారుజామున చెడుతుంది. ఆల్ప్రాజోలం లాంటి మాత్రలు మెడికల్ షాపులో సొంతంగా కొని వేసుకుంటే కొన్ని వారాల్లోనే అలవాటు పడిపోతారు. ఇప్పటికే వాడుతుంటే ఉన్నపళంగా ఆపకండి. సైకియాట్రిస్టు చూసి మెల్లగా తగ్గిస్తారు.

బతకడం దండగ అనిపిస్తుంటే ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం. వెంటనే ఇంట్లో ఒకరికి చెప్పండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.