మార్క్ పోతుందా? ఉమ్మడి కేటలాగ్ డేటా గురించి అపోహలు - వాస్తవాలు

గ్రంథాలయ పుస్తకాల వివరాలను యంత్రం చదివేలా రికార్డులుగా రాసే ఫార్మాట్ మార్క్. కేటలాగింగ్ చేసేవాళ్లు నలుగురు ఒకచోట కలిస్తే మాట అటూ ఇటూ తిరిగి చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తుంది: "మార్క్ ఇంకెన్నాళ్లు?" దాని వెనకే ఇంకోటి: "కొత్తది ఎలాగూ వస్తోందిగా, అప్పటిదాకా ఆగుదామా?" మొదటిదానికి తేదీ వేసి జవాబు చెప్పగలిగినవాళ్లు నాకు కనబడలేదు. రెండోదానికి మాత్రం నా జవాబు ఒక్కటే: ఆగకండి. ఏళ్ల తరబడి రికార్డులు రాశాను, ఇతరులు రాసినవి దించుకుని వాడాను, రెండుసార్లు డేటా మార్పిడిలో పాలుపంచుకున్నాను. కొత్త ఫార్మాట్ ఏదైనా సరే, ఇవాళ మన రికార్డులో ఉన్న సరుకే రేపు అందులోకి వెళ్తుంది. నేను తరచూ వినే అపోహలను ఆ కోణంలోంచే చూస్తాను.

అపోహ: మార్క్ చచ్చిపోయిన ఫార్మాట్. దాని మీద పెట్టే ప్రతి గంటా వృథా.

వాస్తవం: మార్క్ పాతదే, కాదనను. అమెరికా కాంగ్రెస్ లైబ్రరీలో హెన్రియెట్ అవ్‌రమ్ నాయకత్వంలో అది పుట్టింది. ఆమె ప్రోగ్రామర్, గ్రంథాలయ శాస్త్రం చదివి వచ్చిన మనిషి కాదు. 1966లో 16 గ్రంథాలయాలతో ప్రయోగం మొదలైంది, 1968 నాటికి ఫార్మాట్ ఒక రూపానికి వచ్చింది. అప్పట్లో డేటా మాగ్నెటిక్ టేపు మీద ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లేది. అందుకే రికార్డు మొదట 24 అక్షరాల లీడర్, తర్వాత ఒక్కో ఫీల్డ్ (రచయిత, శీర్షిక లాంటి ఒక్కో వివరం ఉండే గది) ఎక్కడ మొదలవుతుందో చెప్పే 12 అక్షరాల పద్దులు, ఆ తర్వాతే అసలు సమాచారం. టేపును మొదటి నుంచి చివరిదాకా వరసగా చదివే యంత్రానికి అది చక్కగా సరిపోయిన అమరిక. 1973లో అదే నిర్మాణం ఐఎస్‌ఓ 2709 అనే అంతర్జాతీయ ప్రమాణమైంది.

మార్క్ చావాల్సిందేనని 2002లోనే వృత్తి పత్రికల్లో రాశారు. తర్వాత జరిగింది చూడండి. 2004లో బ్రిటిష్ లైబ్రరీ తన దేశపు సొంత మార్క్‌ను వదిలి, అమెరికా మార్క్ నుంచి వచ్చిన మార్క్ 21కి మారింది. జర్మనీ కూడా తన మాబ్ ఫార్మాట్‌ను పక్కనపెట్టి ఇటే వచ్చింది. ఇవాళ మార్క్ 21ను నిర్వహించే నాలుగు సంస్థల్లో జర్మన్ జాతీయ గ్రంథాలయం ఒకటి. చావు కబురు చెప్పాక చుట్టాలు పెరిగిన ఫార్మాట్ ఇది. కారణం సాంకేతికం కాదు. ఎంతమంది చదవగలరన్నదే మార్పిడి ఫార్మాట్‌కు బలం. పది గ్రంథాలయాలు మాత్రమే చదవగలిగే అద్భుతమైన ఫార్మాట్ కన్నా పదివేలు చదవగలిగే పాత ఫార్మాట్‌తో రోజు గడుస్తుంది.

పైగా అది ఆగిపోలేదు. చేతిలోనిది పాఠమా, శబ్దమా, ఏ రూపంలో ఉందో చెప్పే 336, 337, 338 ఫీల్డులు వచ్చాయి. పేరు పక్కన దాని ఐడెంటిఫయర్ (ఆ మనిషిని గుర్తుపట్టే ప్రత్యేక సంఖ్య) చిరునామా పెట్టడానికి 0, 1 ఉపఫీల్డులున్నాయి. వీటిని నింపితే లింక్డ్ డేటా (వివరాలను వెబ్ చిరునామాలతో ఒకదానికొకటి కలిపే పద్ధతి) వైపు వెళ్లే దారి మార్క్‌లోంచే మొదలవుతుంది. అవి చాలాచోట్ల ఖాళీగా ఉండటం నన్ను నిజంగా బాధపెడుతుంది.

అపోహ: బిబ్‌ఫ్రేమ్ వస్తే ఆర్‌డీఏ అక్కర్లేదు.

వాస్తవం: ఉత్తరంలో ఏం రాయాలన్నది వేరు, దాన్ని ఏ కవరులో పెట్టాలన్నది వేరు. ఆర్‌డీఏ మొదటిది: పుస్తకం చేతికొచ్చినప్పుడు ఏ వివరాన్ని ఎక్కణ్నుంచి తీసుకోవాలో, ఎలా రాయాలో చెప్పే నియమాలు. 2010లో వచ్చింది, 2013 మార్చి 31న కాంగ్రెస్ లైబ్రరీ అమల్లో పెట్టింది. బిబ్‌ఫ్రేమ్ రెండోది: మార్క్ స్థానంలోకి తెస్తున్న, ఆ వివరాలను పెట్టుకునే డేటా నమూనా. ఆర్‌డీఏకు వెనక ఇప్పుడు గ్రంథాలయాల అంతర్జాతీయ సమాఖ్య ఇఫ్లా 2017లో ఆమోదించిన ఎల్‌ఆర్‌ఎం ఉంది. అది రచన, దాని పాఠం, ముద్రణ, చేతిలోని ప్రతి అనే నాలుగింటినీ ఎలా వేరుచేసి చూడాలో చెప్పే ఆలోచనా చట్రం.

ఇబ్బంది ఎక్కడంటే, ఈ మూడూ అచ్చంగా ఒకదానిమీద ఒకటి అతకవు. ఎల్‌ఆర్‌ఎంలో నాలుగు మెట్లుంటే 2016లో వచ్చిన బిబ్‌ఫ్రేమ్ 2.0లో మూడే: వర్క్, ఇన్‌స్టెన్స్, ఐటెమ్. రచన, దాని అనువాద పాఠం రెండూ బిబ్‌ఫ్రేమ్‌లో 'వర్క్' కిందికే వస్తాయి. వాటిని కలిపి ఉంచడానికి తర్వాత 'హబ్' అనేదాన్ని తెచ్చారు. ఒకే రచన అనువాదాలన్నిటినీ పాఠకుడికి ఒకచోట చూపించాలంటే ఈ తేడాను ముందే లెక్కలోకి తీసుకోవాలి. ప్రణాళిక వేసే సమావేశాల్లో దీనికి పది నిమిషాలు కూడా కేటాయించరు.

అపోహ: సమయం వచ్చినప్పుడు బటన్ నొక్కితే పాత రికార్డులన్నీ కొత్త రూపంలోకి మారిపోతాయి.

వాస్తవం: అన్నిటిలోకీ ఇదే ప్రమాదకరం, ఎందుకంటే ఇది సగం నిజం. మార్పిడి ప్రోగ్రాములు ఉన్నాయి. మార్క్ నుంచి బిబ్‌ఫ్రేమ్‌కు మార్చేదాన్నీ, తిరిగి వెనక్కి తెచ్చేదాన్నీ కాంగ్రెస్ లైబ్రరీయే తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చింది. లక్ష రికార్డులు లోపలికి పంపితే లక్షా బయటికి వస్తాయి. వాటిలో ఏం మిగిలిందో తెరిచి చూడాలి.

ఒక అనువాద గ్రంథాన్ని తీసుకోండి. 100వ ఫీల్డులో మూల రచయిత, 245లో అనువాదపు పేరు, అదే ఫీల్డ్ సి ఉపఫీల్డులో "అనువాదం: ఫలానావారు" అన్న వాక్యం. 700లో అనువాదకుడి పేరు ఉంది కానీ ఆయన ఏం చేశారో చెప్పే పాత్ర కోడ్ లేదు. మూల గ్రంథం పేరు 240లో లేదు, 500 నోట్‌లో మామూలు వాక్యంగా ఉంది. మనిషి ఈ రికార్డు చూస్తే మూడు సెకన్లలో మొత్తం అర్థమవుతుంది. యంత్రానికి అనువాదకుడు వట్టి "సహకర్త"గా మిగులుతాడు. మూల గ్రంథంతో సంబంధం అసలు ఏర్పడదు. కొత్త నమూనా గొప్పతనమంతా సంబంధాలను చూపడంలోనే ఉంది, ఇక్కడ పోయేవీ ఆ సంబంధాలే.

సంవత్సరాలూ అంతే. [1987?] అని రాసినచోట కేటలాగర్ తన సందేహాన్ని నిజాయితీగా చెప్పారు. ఇంకోచోట 1987 అని అచ్చయింది, కానీ అది 1978 అని బ్రాకెట్లో సవరణ. మరోచోట ©1987 మాత్రమే. 008 ఫీల్డులో తేదీ రకాన్నీ రెండు సంవత్సరాలనూ కోడ్ రూపంలో సరిగ్గా నింపి ఉంటే మార్పిడికి ఇబ్బంది లేదు. నింపకపోతే ప్రోగ్రాము ఏదో ఒక అంకెను పట్టుకుంటుంది.

మా సొంత అనుభవం ఒకటి చెప్తాను. మార్పిడికి ముందు రికార్డులను భాషల వారీగా లెక్కపెట్టాం. ఇంగ్లీషు పుస్తకాలు మా అరల్లో ఉన్నవాటికన్నా చాలా ఎక్కువ తేలాయి. వెతికితే కారణం దొరికింది: రికార్డు టెంప్లేట్‌లో 008 భాషా కోడ్ ముందే ఇంగ్లీషని నింపి ఉంది. పని ఒత్తిడిలో వేరే భాషల పుస్తకాలకూ అదే ఉండిపోయింది. ఆ కోడ్ పాఠకుడి తెర మీద కనబడదు కాబట్టి ఏళ్లపాటు ఎవరి దృష్టికీ రాలేదు. భాషను ఎంచుకుని వెతికిన పాఠకుడికి మాత్రం ఆ పుస్తకాలు లేనట్టే లెక్క. ఎన్నిసార్లు ఎంతమంది "లేదట" అనుకుని వెళ్లిపోయారో ఇప్పుడు తెలుసుకునే దారి లేదు.

అందుకే కొత్త ఫార్మాట్ కోసం ఆగక్కర్లేని పని చాలా ఉంది. 700 ఫీల్డుల్లో పాత్ర కోడ్‌లు. 041లో అనువాదం ఏ భాష నుంచో. 008లో భాష, తేదీ. అథారిటీ ఫైలుతో (ఒక్కో పేరును ఎలా రాయాలో స్థిరపరిచిన జాబితాతో) సరిచూసిన పేర్లు, వాటి ఐడెంటిఫయర్లు. శీర్షిక, ఉపశీర్షిక, బాధ్యతా వివరం (రచయిత, అనువాదకుల పేర్లు చెప్పే భాగం) మధ్య పెట్టే గీతలు, కోలన్లు కార్డు మీద కంటికి సాయపడేవి; ఇప్పుడు వాటిని వదిలేయొచ్చు. లీడర్‌లో 18వ స్థానం ద్వారా "చిహ్నాలు వదిలేశాం" అని తెలియజేసే వీలు మార్క్‌లో ఇప్పటికే ఉంది. ఈ పనులన్నీ ఇవాళ్టి శోధనకు వెంటనే పనికొస్తాయి, మార్పిడి రోజునా పనికొస్తాయి.

అపోహ: యూనికోడ్ వచ్చింది కాబట్టి లిపి సమస్య తీరింది.

వాస్తవం: పెద్ద అడ్డంకి తొలగింది, ఒప్పుకుంటాను. పాత మార్క్-8 అక్షర సముదాయంలో అరబిక్, హీబ్రూ, గ్రీకు, సిరిలిక్, చైనీస్-జపనీస్-కొరియన్ లిపులుండేవి, తెలుగు లేదు. ఇప్పుడు రాయగలం. కానీ ఐఎస్‌ఓ 2709 రికార్డు పొడవును అయిదు అంకెల్లో చెబుతుంది కాబట్టి మొత్తం రికార్డు 99,999 బైట్లు దాటకూడదు. ఫీల్డ్ పొడవుకు నాలుగు అంకెలే, అంటే 9,999. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ మూడు బైట్లు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరానికి 18 బైట్లు పడతాయి. పెద్ద సంకలనానికి 505లో పూర్తి విషయసూచిక రాసినవాళ్లకు ఈ లెక్క ఎంత తొందరగా అడ్డొస్తుందో తెలుసు.

ఇంకా లోతైన సమస్య వేరే ఉంది. చాలా ఉమ్మడి కేటలాగుల్లో (ఎన్నో గ్రంథాలయాల రికార్డులు ఒకేచోట ఉండే జాబితాల్లో) రోమన్ లిప్యంతరీకరణ ప్రధాన ఫీల్డులో ఉంటుంది, పుస్తకం మీదున్న అసలు లిపి 880లో జంటగా వస్తుంది. అసలు లిపిని నేరుగా మామూలు ఫీల్డుల్లోనే రాసే పద్ధతిని కూడా మార్క్ 21 అనుమతిస్తుంది, కానీ రికార్డులు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రెండు పద్ధతులూ కలిసి గందరగోళమవుతాయి. లింక్డ్ డేటాలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇక్కడే. వ్యక్తికి ఒక ఐడెంటిఫయర్ ఉంటుంది. తెలుగు లిపిలో పేరు, రోమన్‌లో పేరు, సిరిలిక్‌లో పేరు అన్నీ దానికి భాష-లిపి గుర్తుతో తగిలించిన లేబుళ్లే. ఏదీ అసలుది కాదు, ఏదీ అనుబంధం కాదు. పాఠకుడికి ఏ లిపి వస్తే అది కనిపిస్తుంది. మన లిపుల్లో కేటలాగ్ చేసేవాళ్లు ఈ మార్పు కోసం గట్టిగా అడగాలి.

అపోహ: లింక్డ్ డేటా పెద్ద గ్రంథాలయాలకే.

స్వీడన్ జాతీయ గ్రంథాలయం 2018లో తన లిబ్రిస్ ఉమ్మడి కేటలాగ్‌ను లింక్డ్ డేటా పునాది మీదికి మార్చింది. ఉమ్మడి వ్యవస్థ మారితే అందులోని చిన్న గ్రంథాలయాలు సొంతంగా సర్వర్లు పెట్టుకోనక్కర్లేదు. చిన్నవాళ్లు చూసుకోవలసింది సాఫ్ట్‌వేర్ ఒప్పందం: ఐడెంటిఫయర్లతో సహా మొత్తం డేటాను ఎప్పుడడిగితే అప్పుడు బయటికి ఇస్తారా, లేదా? ఒప్పందం మీద సంతకం పెట్టేముందే ఇది రాతపూర్వకంగా అడగండి.

అపోహ: ఐడెంటిఫయర్ తగిలిస్తే ఇక డేటా దానంతటదే బాగుంటుంది.

వాస్తవం: అవిసెన్నా అన్నా ఇబ్న్ సీనా అన్నా ఒకే మనిషి అని యంత్రానికి తెలియాలంటే ఎవరో ఒకరు ఆ రెండిటినీ కలపాలి. వేర్వేరు గ్రంథాలయాల పేర్ల జాబితాలను కలిపే వయాఫ్ చేసేది అదే. 2003లో మూడు సంస్థలు మొదలుపెట్టిన ఆ పని 2012లో గ్రంథాలయాల సహకార సంస్థ ఓసీఎల్‌సీ సేవగా మారింది. ఒక మనిషి పేర్లన్నీ చేర్చిన అక్కడి సమూహాలు స్థిరమైన రాళ్లు కావు. ఒకే పేరున్న ఇద్దరు ఒక సమూహంలో కలిసిపోతారు, తర్వాత విడదీస్తారు, కొన్నిసార్లు సంఖ్య మారుతుంది. మనం పదేళ్ల కిందట తగిలించిన చిరునామా ఇప్పుడు ఎవరిని చూపిస్తోందో అప్పుడప్పుడూ తనిఖీ చేయాలి.

నా దృష్టిలో భవిష్యత్తు ప్రణాళికకు గుండెకాయ ఇదే. కాపీ కేటలాగింగ్‌లో (ఇతరులు రాసిన రికార్డు దించుకుని వాడటంలో) ప్రతి గ్రంథాలయం దగ్గర సొంత ప్రతి ఉంటుంది. ఒక తప్పును మనం దిద్దితే మన దగ్గరే దిద్దుబాటు, మిగతా వందచోట్ల తప్పు అలాగే ఉంటుంది. అదే తప్పును వందమంది కేటలాగర్లు వందసార్లు దిద్దడం ఈ వృత్తిలో రోజూ జరిగే శ్రమ. ఉమ్మడి వనరును అందరూ చూపిస్తూ ఉంటే ఒక్కచోట దిద్దితే చాలు. కానీ ఆ ఒక్కచోట దిద్దే హక్కు ఎవరిది? ఇద్దరికి అభిప్రాయభేదం వస్తే ఎవరు తేలుస్తారు? ఆ సర్వర్ ఖర్చు పదిహేనేళ్ల తర్వాత ఎవరు భరిస్తారు? డేటాను ఏ లైసెన్సు కింద పంచుతారు? హార్వర్డ్ గ్రంథాలయం 2012లో కోటీ 20 లక్షలకు పైగా రికార్డులను హక్కులన్నీ వదులుకునే సీసీ0 కింద ఇచ్చింది. 2017లో కాంగ్రెస్ లైబ్రరీ రెండున్నర కోట్ల మార్క్ రికార్డులను ఉచితంగా దించుకోనిచ్చింది. ఇలా తెరిచి ఇచ్చిన డేటా మీదే ఉమ్మడి దిద్దుబాటు సాధ్యం. ఏ ప్రణాళికా పత్రం చదివినా నేను ముందు వెతికేది ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులే, ఫార్మాట్ పేరు తర్వాత చూస్తాను.

అపోహ: పూర్తి పాఠంలో వెతికే సాధనాలు, ఏఐ ఉండగా కేటలాగ్ ప్రమాణాలెందుకు?

పూర్తి పాఠంలో వెతికితే మాట దొరుకుతుంది. ఒకే పేరున్న ఇద్దరు రచయితల్లో ఇది ఎవరి పుస్తకమో, ఇది ఏ ముద్రణో, ఈ అనువాదం ఏ మూలానికో పుస్తకంలోని వాక్యాలు చాలాసార్లు చెప్పవు. రికార్డు చిత్తుప్రతి రాయడానికి ఏఐ ఉపయోగపడుతుంది. అది రాసిన పేరును అథారిటీ ఫైలుతో సరిచూసే పని మాత్రం మిగిలే ఉంటుంది.

అపోహ: ప్రమాణాలు పైన ఎవరో నిర్ణయిస్తారు, మనం పాటించడమే.

వాస్తవం: మార్క్‌లో మార్పు కావాలంటే ముందు చర్చాపత్రం, తర్వాత ప్రతిపాదన. మార్క్ సలహా కమిటీ వాటిని ఏటా రెండుసార్లు సమావేశమై చర్చిస్తుంది; పత్రాలు అందరికీ అందుబాటులో ఉంటాయి. ఆర్‌డీఏ స్టీరింగ్ కమిటీలో ప్రాంతాల వారీగా ప్రాతినిధ్యం ఉంది. ఇన్ని తలుపులున్నా రోమన్ లిపి బయటి భాషల నుంచి వెళ్లే ఉదాహరణలు తక్కువ. పెద్ద సిద్ధాంతం రాసి పంపక్కర్లేదు. మీ దగ్గర ఏ ఫీల్డులోనూ సరిగ్గా ఇమడని పుస్తకం ఒకటి కచ్చితంగా ఉంటుంది. దాని ముఖపత్రం నకలు, మీరు రాసిన రికార్డు, అందులో ఏది చెప్పలేకపోయారో నాలుగు వాక్యాలు జతచేసి మీ ప్రాంత ప్రతినిధికి పంపండి.