లేజర్ శక్తి, కార్నియా మానే తీరు

లేజర్ సర్జరీతో కళ్లజోడు వదిలించుకోవాలనుకునే విజయవాడ కుర్రాళ్లు, అమ్మాయిలు డాక్టరును మొదట అడిగేది "ఎంతసేపు పడుతుంది? నొప్పి ఉంటుందా?" అనే. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనవి రెండున్నాయి: లేజర్‌ను ఎంత శక్తి మీద పెట్టారు, దాని చుక్కలు ఎంత ఎడంగా పడుతున్నాయి. కంటికి తగిలే గాయం ఎంతో, అది ఎలా మానుతుందో వీటిని బట్టి మారుతుంది.

నల్లగుడ్డు ముందుండే పారదర్శక పొరే కార్నియా. మధ్యలో దాని మందం సుమారు అర మిల్లీమీటరు. రక్తనాళాలు ఉండవు. కొల్లాజెన్ పోగులు ఒక క్రమంలో పేర్చి ఉండబట్టే వెలుతురు చెదరకుండా లోపలికి వెళ్తుంది. వాటి మధ్య కెరటోసైట్లనే కణాలు మామూలుగా స్తబ్దుగా ఉంటాయి. గాయమైతే అక్కడివి చనిపోతాయి, చుట్టుపక్కలవి మరమ్మతుకు దిగుతాయి. ఈ మరమ్మతు హద్దు దాటితే అవే కణాలు వెలుతురును చెదరగొట్టే రకంగా మారి కార్నియా మసకబారుతుంది. డాక్టర్లు దీన్ని 'హేజ్' అంటారు.

చూపు సరిచేసే లేజర్ సర్జరీల్లో లాసిక్, స్మైల్ రెండు రకాలు. లాసిక్‌లో కార్నియా పైన ఫ్లాప్ (మూతలా తెరుచుకునే పలుచటి పొర) కోయడానికి, స్మైల్‌లో లోపలి నుంచి పలుచటి ముక్కను వేరుచేయడానికి వాడేది ఫెమ్టోసెకండ్ లేజర్. సెకనును వెయ్యి లక్షల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒకటి ఫెమ్టోసెకండ్. ఒక్కో పల్స్, అంటే లేజర్ ఒక్కసారి వేసే చుక్క, కొన్ని వందల ఫెమ్టోసెకండ్లే ఉంటుంది. అది పడిన చోట సన్నని గ్యాస్ బుడగ పుట్టి పొరను విడదీస్తుంది. రసీదు పుస్తకంలో చిల్లులు దగ్గర దగ్గరగా ఉంటే కాగితం నీటుగా చిరుగుతుంది, దూరమైతే అంచు చెదురుతుంది. ఇక్కడా అంతే. శక్తి చాలకపోయినా, చుక్కలు మరీ ఎడమైనా మధ్యలో అతుకులు మిగులుతాయి. సర్జన్ పరికరంతో బలంగా విడదీయాల్సి వస్తుంది, ఉపరితలం గరుకవుతుంది.

అలాగని శక్తి పెంచితే సరిపోదు. బుడగలు పక్కలకు పాకి తెల్లని పొరలా కమ్ముతాయి, కణాలు ఎక్కువ చనిపోతాయి, ఫ్లాప్ కింద వాపు రావచ్చు. ఎక్కువ శక్తితో పనిచేసిన తొలితరం మిషన్ల కాలంలో కొందరికి చూపు బాగానే ఉన్నా, సర్జరీ అయిన కొన్ని వారాలకు వెలుతురు చూడలేని బాధ మొదలయ్యేది. శక్తి తగ్గించాక అది తగ్గింది. స్మైల్‌లోనూ తక్కువ శక్తి వాడినప్పుడు తొలి రోజుల్లో చూపు త్వరగా తేటపడుతుందని పరిశోధనల్లో తేలింది. కొన్ని నెలలకు ఆ తేడా చాలావరకు పోతుంది. అయినా ఆ తొలి వారాల ఇబ్బంది చిన్నదని నేననుకోను.

ఫ్లాప్ లేకుండా, కార్నియా పైపొరను తొలగించి చేసే పీఆర్‌కే అనే సర్జరీ వేరు. అందులో వాడేది 193 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న ఎక్సైమర్ లేజర్. ఇది పక్క కణజాలాన్ని కాల్చకుండా తొలగించగలదని 1981లో ఐబీఎం ల్యాబ్‌లో కనిపెట్టిన బృందంలో మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్ ఒకరు. ఒక్కో పల్స్‌కు మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) పావు వంతు కణజాలం పోతుంది. పైపొర మళ్లీ పెరగడానికి సాధారణంగా మూడు నుంచి ఐదు రోజులు. కళ్లద్దాల పవర్ ఎక్కువున్నవారికి లోతుగా తీయాలి కాబట్టి హేజ్ రిస్క్ పెరుగుతుంది. అందుకే చాలామంది సర్జన్లు మైటోమైసిన్ మందు కాసేపు అద్ది కడిగేస్తారు.

అల్ట్రావయొలెట్ కిరణాలూ హేజ్‌ను పెంచగలవు. మన ఎండల్లో పీఆర్‌కే చేయించుకున్నవారికి నల్ల కళ్లద్దాలు కొన్ని నెలలు తప్పవు. లాసిక్ అయినవారికి మరో జాగ్రత్త ఉంది. గుంటూరు మిర్చి యార్డు వైపు వెళ్లి ఘాటుకు కళ్లు నులిమితే ఫ్లాప్ పక్కకు జరిగిపోవచ్చు, ముఖ్యంగా తొలి వారాల్లో.