ఆకుపచ్చ గిన్నెలోని ఎరుపు

టోక్యోలోని మినామి-అఒయామాలో ఇసెహాన్ హోంతెన్ అనే పాత సంస్థ ఉంది. 1825లో మొదలైన దుకాణం. అది అమ్మే పెదవి రంగు గొట్టంలో రాదు. చిన్న పింగాణీ గిన్నె లోపలి గోడకు పూసి, ఆరబెట్టి ఇస్తారు. గిన్నె తిప్పి చూస్తే ఎరుపన్నది కనిపించదు. జీరంగి రెక్కలా ఆకుపచ్చగా, బంగారు మెరుపుతో ఉంటుంది. జపనీయులు కూడా ఆ వన్నెను జీరంగి పేరుతోనే పిలుస్తారు. తడి కుంచె తగిలిన చోట మాత్రం ఒక్కసారిగా ఎరుపు విచ్చుకుంటుంది.

దాని పేరు బెని. ముడిసరుకు కుసుమ పూలు. మన తాండూరు నల్లరేగళ్లలో నూనె గింజల కోసం వేసే ముళ్ల మొక్క పూలే. ఆ రేకుల్లో పసుపు రంగే ఎక్కువ, ఎరుపు సుమారు 1 శాతం. పసుపు నీళ్లలో కరిగిపోతుంది కాబట్టి ముందు కడిగి వదిలిస్తారు. తర్వాత బూడిద నీటి క్షారంలోకి ఎరుపును దింపి, పులుపు కలిపి పేరుకునేలా చేస్తారు. ఇంత కష్టపడి తీసిన రంగు చవకగా ఎలా దొరుకుతుంది? జపాన్ చరిత్రలో ఎదో అనే యుగం చివర్లో, అంటే 19వ శతాబ్దం తొలి భాగంలో, కింది పెదవి మీద బెనిని పొరలు పొరలుగా పట్టించి, ఆకుపచ్చగా మెరిపించుకోవడం గొప్ప అలంకారం. అంత డబ్బు లేనివాళ్లు అడుగున నల్ల సిరా పూసి, పైన పలుచగా బెని రాసి అదే మెరుపు తెప్పించుకున్నారు.

నాకు ఆ పేదింటి ఆడవాళ్ల ఉపాయమే ఎక్కువ నచ్చింది. పెదవి మీద కనిపించేది పూసిన రంగు ఒక్కటే కాదనీ, దాని కింద ఏముంది, పక్కన ఏముంది అన్నదీ లెక్కలోకి వస్తుందనీ వాళ్లు గ్రహించారు. ఎవరి మేనిఛాయకు ఏ రంగులు నప్పుతాయో తేల్చే వ్యవహారం ఈనాడు జపాన్‌లో పర్సనల్ కలర్ పేరుతో సాగుతోంది, అదంతా ఆ లెక్కే. కాకపోతే దాన్ని మరీ మొరటుగా వేస్తున్నారని నా ఫిర్యాదు.

అక్కడ అమ్మాయిలు మనం రాశి చెప్పుకున్నంత తేలిగ్గా ‘నేను ఇయెబె’, ‘నేను బురుబె’ అని చెప్పుకుంటారు. మేనిఛాయ అడుగు వన్నె పసుపా నీలమా అని చెప్పే ఎల్లో బేస్, బ్లూ బేస్ అన్న మాటలకు జపనీయులు చేసుకున్న పొట్టి రూపాలవి. వీటిని మళ్లీ రుతువుల పేర్లతో విడదీస్తారు: ఇయెబెలో వసంతం, శరత్తు. బురుబెలో వేసవి, శీతాకాలం. వసంతానికి పగడం, పీచు పండు రంగులు. వేసవికి కాస్త మసకబారిన గులాబీలు. శరత్తుకు ఇటుక, మట్టి రంగులు. శీతాకాలానికి ద్రాక్షసారా ఎరుపు, రాణి రంగు. లిప్‌స్టిక్ ప్రకటనల్లో సైతం ఇవే మాటలు.

ఈ రుతువులు జపాన్‌లో పుట్టినవి కావు. ఒక్కో విద్యార్థి తన రూపానికి దగ్గరైన రంగులనే ఇష్టపడతాడని జర్మనీలోని బౌహౌస్ కళాశాలలో పాఠాలు చెప్పిన యొహానెస్ ఇట్టెన్ గమనించాడు. 1980లో కారొల్ జాక్సన్ రాసిన పుస్తకంతో నాలుగు రుతువుల వర్గీకరణ అమెరికాలో ఇంటింటి మాట అయింది. జపాన్ తన వంతుగా చేర్చింది కొలత. 1964లో అక్కడి వర్ణ పరిశోధన సంస్థ 24 వర్ణాలతో ఒక పద్ధతిని రూపొందించింది. అందులో రంగు ఎంత లేత, ఎంత ముదురు, ఎంత గాఢం, ఎంత మసక అన్నవాటిని కలిపి టోన్ అన్నారు. ‘ఏ రంగు’ అన్న ప్రశ్నను ‘ఎంతటి రంగు’ అన్నదాని నుంచి విడదీసి చూడడం నా దృష్టిలో ఈ విద్యలోకెల్లా పనికొచ్చే భాగం.

ఎవరిది ఏ రుతువో తేల్చే పరీక్ష ఇలా ఉంటుంది. ముఖాన ఏమీ పూసుకోకుండా అద్దం ముందు కూర్చుంటారు. మీద తెల్లని గుడ్డ కప్పుతారు. పగటి వెలుగు లాంటి దీపం వెలిగించి, గడ్డం కింద రంగురంగుల గుడ్డలు ఒక్కొక్కటే మారుస్తారు. చూడవలసింది గుడ్డను కాదు, ముఖాన్ని. ఒక గుడ్డకు కళ్ల కింది నీడలు లోతవుతాయి, మరో గుడ్డకు చెంపలు తేటపడతాయి. గుడ్డ నుంచి వెలుగు గడ్డం కిందికి చిమ్మడం ఇందులో కొంత. మిగిలింది మన చూపు చేసే పని.

ఆ పనిని 19వ శతాబ్దంలోనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రోల్ పట్టుకున్నాడు. ఆయన పారిస్‌లోని గోబెలాఁ నేతశాలలో అద్దకానికి అధిపతి. నల్ల దారం నల్లగా కనిపించడం లేదని ఫిర్యాదు వచ్చింది. పరీక్షిస్తే లోపం అద్దకంలో లేదు, పక్కన నేసిన దారాల రంగుల్లో ఉంది. పక్కపక్కనున్న రంగులు ఒకదానినొకటి దూరం నెట్టుకుంటాయని, అంటే వాటి తేడా ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుందని 1839లో పుస్తకమే రాశాడు. ఒక్కోసారి ఇందుకు విరుద్ధంగా, పక్క రంగు వన్నెను కొంత తనలోకి తీసుకోవడమూ జరుగుతుంది. ముఖం మీద ఈ రెంటిలో ఏది పైచేయి అవుతుందో ముందే చెప్పడం కష్టం. అందుకే అన్ని గుడ్డలు.

ఇంతకీ చర్మంలో నీలం ఎక్కడుంది? ఎక్కడా లేదు. మెలనిన్ గోధుమ వన్నె, రక్తంలోని హిమోగ్లోబిన్ ఎరుపు, కెరోటిన్ పసుపు ఇస్తాయి. ఈ మూడూ ఏ పాళ్లలో కలిసినా వచ్చేది నారింజ కుటుంబపు రంగే. బురుబె అంటే ఆ నారింజ కొద్దిగా ఎరుపు వైపు ఒరిగిందని, ఇయెబె అంటే పసుపు వైపు ఒరిగిందని మాత్రమే. మన భాషలో పసిమి ఛాయ అన్న మాట ఎప్పటినుంచో ఉంది. దానికి జోడీగా నీలి ఛాయ అని మనుషుల మేనికి ఎవరూ అనలేదు.

ఇంట్లో తేల్చుకోవడానికి ఒక చిట్కా ప్రచారంలో ఉంది: మణికట్టు నరాలు ఆకుపచ్చగా ఉంటే ఇయెబె, నీలంగా ఉంటే బురుబె. రిత్సుమెయికాన్ విశ్వవిద్యాలయంలో దృష్టిభ్రమలను పరిశోధించే అకియోషి కితఒక 2014లో దీని పునాదినే కదిపాడు. ఫోటోలో నీలంగా కనిపిస్తున్న నరం రంగును కొలిస్తే, అది నీలం కాదు. బూడిద కలిసిన నారింజ. చుట్టూ ఉన్న చర్మం ఇంకా ఎర్రగా ఉండటంతో మన కంటికి అది నీలమైంది. నేనూ ఒక అట్టముక్కకు రెండు చిన్న బెజ్జాలు పొడిచి, ఒకటి నరం మీద, ఒకటి పక్కన ఉండేలా మణికట్టుపై పెట్టి చూశాను. చుట్టూ చర్మం మూసుకుపోగానే నీలం మాయమైంది. మిగిలినవి కాస్త తేడాగల రెండు మట్టి రంగులు. అట్ట తీయగానే నరం మళ్లీ నీలం! భ్రమను భ్రమతో కొలుస్తున్నామన్నమాట. చర్మం ముదురుగా ఉంటే నరం కనిపించడమే గగనం.

ఇక పెదవి సంగతి. దాని మీది పొర చాలా పలుచన. కింది రక్తనాళాల ఎరుపు పైకి తెలుస్తుంది. చామనఛాయ వాళ్లలో దానికి మెలనిన్ కూడా తోడవుతుంది. చాలామందికి పై పెదవి కింది దానికన్నా ముదురు. పలుచని రంగు పూస్తే ఈ తేడా అలాగే కనిపిస్తుంది, దళసరి రంగు దాన్ని కప్పేస్తుంది. అందుకే ఒకే గొట్టం అక్కచెల్లెళ్లిద్దరికీ రెండు రకాలుగా ఉంటుంది.

మనవాళ్లు జపాన్ పట్టికను యథాతథంగా తెచ్చుకుంటే తంటా ఇక్కడే. సహజంగా పెదవి చుట్టుపక్కల చర్మం కన్నా ముదురుగా ఉంటుంది. లేత గులాబీ రంగుల్లో టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడి ఎక్కువ. చామనఛాయ మీద అది పూస్తే పెదవి చర్మం కన్నా తెల్లబడి, ఆ వరుస తలకిందులవుతుంది. విభూతి రాసుకున్నట్టుంటుంది. అక్కడ వేసవికి, వసంతానికి మధ్య ఎంత తర్జనభర్జన పడ్డా లాభం లేదు. ముందు ముదురు ఎంతో తేల్చుకోవాలి, పసుపా నీలమా అన్నది తర్వాత. దొండపండు పెదవులని మురిసిన మన కవులు కూడా లేత రంగుల జోలికి పోలేదు.

దుకాణంలో రంగును ముంజేతి మీదో అరచేతి మీదో గీసి చూడటం మనకు అలవాటు. అరచేతిలో మెలనిన్ తక్కువ, ముంజేయి పెదవి రంగులో ఉండదు. రెండూ తప్పుడు సాక్ష్యమే. ఒకసారి వాడి పారేసే కుంచెతో పెదవికే రాసి, దుకాణం దీపాల పసుపు వెలుగు దాటి గుమ్మం దగ్గర పగటి వెలుగులో చూడాలి.

ఆ తర్వాత అరగంట ఆగాలి. టింట్ అనే రకాల్లో చాలావాటిలో ఇయోసిన్ జాతి అద్దకం రంగులుంటాయి. అవి పెదవి ప్రోటీన్లను పట్టుకుని మిగిలిపోతాయి, పైనున్న నారింజ పొర మాత్రం తుడుచుకుపోతుంది. ఇయెబెకు తగినదని రాసి ఉన్న పగడం రంగు ఒకటి నేనూ కొన్నాను. ఒక కప్పు టీ తాగి అద్దం చూసుకుంటే పగడం అంతా కప్పు అంచుకు అంటుకుంది. నా పెదవి మీద మిగిలింది అచ్చమైన బురుబె గులాబీ.