అడవి కొట్టిన నేలలో బంగారం పండుతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

మట్టి పరీక్షల పనిలో ఉన్నాను కాబట్టి నాకొచ్చే ఫోన్లు చాలావరకు ఒకేలా ఉంటాయి. "సార్, చెట్లు కొట్టి కొత్తగా సాగులోకి తెచ్చిన నేల, మొదటి ఏడు విరగపండింది, మూడో ఏటికి మొక్క మోకాలెత్తు కూడా లేవట్లేదు, విత్తనం నకిలీదంటారా?" విత్తనాన్ని తిడతారు, మందుల్ని తిడతారు, నేల సంగతి ఎవరికీ తట్టదు.

అపోహ: అంత అడవి పెరిగిందంటే కింద మట్టిలో బోలెడు సత్తువ ఉన్నట్టే.

ఎక్కువమందిని ముంచేది ఇదే. వానలు బాగా పడే ఉష్ణమండలపు అడవుల్లో చాలాచోట్ల పోషకాలు ఉండేది చెట్లలో, రాలిన ఆకులో, పైనున్న పలచటి పొరలో. వేడీ తేమా ఏడాదంతా ఉంటాయి కాబట్టి రాలిన ఆకు త్వరగా చివికిపోతుంది, అందులోంచి వచ్చింది వచ్చినట్టే వేళ్ళూ వాటిని అంటిపెట్టుకున్న శిలీంధ్రాలూ లాగేసుకుంటాయి. ఏ రోజు కూలి ఆ రోజే ఖర్చయిపోయే ఇల్లు లాంటిది, రాకపోకలు జోరుగా ఉంటాయి గానీ దాచింది ఉండదు. కింద ఉన్నది యుగాల తరబడి వానకి కడుక్కుపోయిన ఎర్రమట్టి, పొటాష్‌నీ కాల్షియాన్నీ పట్టి ఉంచే శక్తి దానికి తక్కువ, ఆ కాస్త పట్టూ ఇచ్చేది ఎక్కువగా సేంద్రియ పదార్థమే, అంటే చివికిన ఆకూ వేళ్ళూ.

మరి మొదటి ఏడు పంట ఎలా వచ్చిందంటే, బూడిద వల్ల. కాల్చినప్పుడు చెట్లలోని కాల్షియం, మెగ్నీషియం, పొటాష్ నేల మీద పడతాయి, పీహెచ్ పెరుగుతుంది (అంటే ఆమ్లం తగ్గుతుంది), మట్టిలో ఉండి వేళ్ళకి విషమయ్యే అల్యూమినియం అణుగుతుంది, మొక్క ఏపుగా లేస్తుంది. నత్రజని, గంధకం మాత్రం చాలావరకు పొగలోనే పోయాయి. కొన్ని వానాకాలాలు తిరిగేసరికి బూడిదలో వచ్చిందీ కొట్టుకుపోతుంది, పీహెచ్ మళ్ళీ దిగుతుంది, అల్యూమినియం కరిగి వేరు కొసల్ని దెబ్బతీస్తుంది, భాస్వరం వేస్తే ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు పట్టేసుకుంటాయి. మొదటి ఏటి దిగుబడి లెక్కేసుకుని అప్పు తెచ్చినవాళ్ళని చూస్తే నిజంగా కడుపు తరుక్కుపోతుంది.

అలాంటి ఒకాయన పొలంలో గుంట తీయించా. వేళ్ళు జానెడు దిగి అక్కణ్ణుంచి పక్కకి తిరిగాయి, కొసలు పొట్టిగా, లావుగా, గోధుమరంగులో ఉన్నాయి. పొలం మట్టిగడ్డ ఒకటి, పక్కన కొట్టకుండా వదిలేసిన చెట్ల కింది గడ్డ ఒకటి తీసుకుని నీళ్ళ గ్లాసుల్లో వేశా. మట్టి అదే, రంగూ దాదాపు అదే. చెట్ల కింది గడ్డ చెక్కుచెదరలేదు, పొలం గడ్డ చూస్తుండగానే బురదైపోయింది. ఆయన నమ్మలేక గడ్డి పట్టిన గట్టు మీది గడ్డ కూడా తెచ్చి వేశారు, అదీ నిలబడింది. గడ్డని పట్టి ఉంచేది వేళ్ళూ సేంద్రియ పదార్థమూ, పొలంలో తరిగిపోయింది అదే.

అపోహ: బుల్డోజర్ పెడితే పని శుభ్రంగా అయిపోతుంది.

1967లో డేనియల్ లడ్విగ్ అనే అమెరికన్ కోటీశ్వరుడు బ్రెజిల్‌లో జారీ నది దగ్గర అడవి కొని కాగితపు గుజ్జు కోసం గుమ్మడి టేకు వేయించాడు. భారీ యంత్రాలు దించితే పైమట్టి గీరుకుపోయింది, మిగిలింది గట్టిపడింది, చాలాచోట్ల చెట్లు ఎదగలేదు, చివరికి మనుషుల్ని పెట్టి కొట్టించాల్సి వచ్చింది. 1982లో మొత్తం వదిలించుకున్నాడు.

అపోహ: అడవి తీసేసినా తోట వేస్తే చాలు, చెట్టుకి చెట్టు వచ్చినట్టే.

ఉష్ణమండలం మొత్తం మీద జరిగిన అధ్యయనాల్ని కలిపి చూసిన ఒక సమీక్ష 2011లో వచ్చింది. అడవి పొలంగా మారితే మట్టిలోని కర్బనం, అంటే సేంద్రియ పదార్థంలో ఉండేది, సగటున 25% తగ్గింది, తోట పంటలకి మారితే 30%, గడ్డి భూమికి 12%. ఆకు ఊడ్చేసి, కలుపుమందు కొట్టి, నేలని బోసిగా ఉంచితే పైన ఎన్ని చెట్లుండి ఏం లాభం?

ఇక చెట్లు కొడితే నేలంతా ఇటుకలా గట్టిపడిపోతుందనే పుకారు ఒకటి తిరుగుతుంటుంది, దయచేసి ఫార్వర్డ్ చేయకండి. ఇనుము పేరుకున్న పొర ఉండి అది ఎండకి బయటపడిన చోటే అలా అవుతుంది. ఉష్ణమండలపు నేలలన్నీ నిస్సారం అన్నదీ తప్పే, అగ్నిపర్వతాల బూడిద నేలలు, ఏటి ఒండ్రు నేలలు ఉన్నాయి కదా.

"ఇంక ఏం లాభం లేదా సార్" అని గొంతు వణుకుతూ అడిగేవాళ్ళకి, ఉంది. బ్రెజిల్‌లోనే సెరాడో అనే గడ్డీ చెట్లూ కలిసిన మైదాన ప్రాంతపు నేలలు విపరీతమైన ఆమ్లం, అల్యూమినియం ఉన్నవి, సున్నం, భాస్వరం వేసి, దున్నకుండా చెత్త కప్పే సాగుతో పంటకి వచ్చాయి. అడవులు కొట్టేయమని నా ఉద్దేశం కాదు, ఇప్పటికే కొట్టేసిన నేల బాగుపడుతుందని చెప్తున్నా. పంట చెత్త కాల్చకండి, వానలకి ముందు నేల బోసిగా వదలకండి, పచ్చిరొట్ట వేయండి, సున్నం మట్టి పరీక్ష చూసే వేయండి, అంచనాతో వద్దు. ఉత్త యూరియాతో నెట్టుకొస్తే ఆమ్లం ఇంకా పెరుగుతుంది.

కాల్చిన వెంటనే మాత్రం శాంపిల్ తీయకండి, బూడిద కలిసి పీహెచ్, పొటాష్ బ్రహ్మాండంగా కనిపిస్తాయి, ఆ రిపోర్ట్ పట్టుకునే చాలామంది మోసపోయారు. ఒక వానాకాలం దాటాక పై 15 సెంటీమీటర్లది వేరే సంచిలో, దాని కింది 15 వేరే సంచిలో తీయండి, రెండూ కలపొద్దు.